ఆడపిల్ల చదువు ఎనిమిదితో చాలని ఎవరన్నారు?

ఊళ్లో అయిదో తరగతి దాకా బడి ఉంటది. ఆపైన హైస్కూలు పక్కూళ్లో. మగపిల్లోడు సైకిలెక్కి పోతాడు. ఆడపిల్ల మాత్రం పత్తి చేనుకో, మిరప తోటకో పోతది. రెండేళ్లు తిరిగేసరికి పెళ్లి మాట. 'మాల మాదిగోళ్లకు చదువు మీద ధ్యాస లేదు' అని రచ్చబండ మీద కూర్చున్నోళ్లు తీర్పు చెప్తారు. ధ్యాస లేక కాదయ్యా, దారి లేక!

మన ఆడపిల్లల ధ్యాస ఎంతటిదో 1855లోనే తేలింది. పూణేలో ఫూలే దంపతులు పెట్టిన బడిలో చదివిన ముక్తా సాల్వే అనే మాంగు కులపు పిల్ల, మహర్ మాంగుల దుఃఖం మీద వ్యాసం రాస్తే 'జ్ఞానోదయ' పత్రిక అచ్చేసింది. వేదాలు బ్రాహ్మణులవే అయితే మరి మా మతమేదని ఆ పిల్ల నిలదీసింది. కొద్దిపాటి చదువుకే అంత ప్రశ్న పుట్టింది. మనువాదికి ఆడపిల్ల చేతి పలకంటే భయం ఊరికే పట్టుకోలేదు. 1942లో నాగపూర్ మహిళా సభలో బాబాసాహెబ్ కూడా మన తల్లులకు ఇదే చెప్పాడు: పిల్లల్ని చదివించండి, పెళ్లికి తొందరపడకండి అని.

ఇన్నేళ్లకు, 2004లో, కేంద్రం కస్తూరిబా బాలికా విద్యాలయాలు పెట్టింది. చదువులో వెనకబడిన మండలాల్లో ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునే బళ్లు. నూటికి 75 సీట్లు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు. మిగిలినవి దారిద్ర్యరేఖ దిగువ ఇళ్లకు. మంచి పనిని మంచిదనే అందాం. పేరు కస్తూరిబాది, బాట మాత్రం సావిత్రిబాయిది.

కానీ ఆ పథకం ఆరు నుంచి ఎనిమిది దాకానే! అంటే సరిగ్గా పద్నాలుగేళ్లకు, పెళ్లి సంబంధాలు గుమ్మం తొక్కే వయసుకు, పిల్లను ఇంటికి పంపడం. 2009 విద్యాహక్కు చట్టమూ పద్నాలుగేళ్లకే చేతులు దులుపుకుంది. మన రాష్ట్రంలో తర్వాత పదిదాకా పెంచారు. పన్నెండు దాకా పెంచొచ్చని కేంద్రం ఒప్పుకున్నది 2018లో. 2004లో ఆరులో చేరిన పిల్లకు అప్పటికి పాతికేళ్లు. ఎనిమిదితో ఆగిపోయిన చోట ఆమెకు ఆ ఏళ్లు ఎవరు తిరిగిస్తారు? దొరల పిల్లల చదువుకు ఎన్నడైనా ఎనిమిదో తరగతి గీత గీశారా?

అక్కలారా, అన్నలారా! బడి దానం కాదు, మన బాకీ. జూన్‌లో సంఘం తరఫున పదిమంది కలిసి బడికి పోదాం. సీట్లన్నీ నిండాయా? మన మండలంలో ఇంటర్ ఉందా? లేకుంటే ఎందుకు లేదు? కాంట్రాక్టు మీద పనిచేసే టీచరమ్మలకు జీతం నెలనెలా అందుతోందా? మండల విద్యాధికారిని కాగితం మీద అడుగుదాం. జవాబు కాగితం మీదే తీసుకుందాం.

పొలం పనికి పోయే పిల్ల ఏ ఇంట్లో ఉందో మన వాడలో మనకు తెలవదా? ముందు ఆ గడప తొక్కుదాం.

జై భీమ్!