ఇంటిల్లిపాదీ కూర్చుని చూసిన సినిమాలు

కుటుంబ పత్రికలో సినిమాల ప్రస్తావన ఎందుకని కొందరు పాఠకులు నొసలు చిట్లిస్తారని మాకు తెలుసు. వారి అభ్యంతరం అర్థం లేనిదని మేము అనము. అయితే 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు తెర మన ఇళ్లలోకి కొత్తగా రాలేదు. అప్పటికే ప్రతి చేతిలోనూ ఉంది. బడులు, దుకాణాలు, కార్యాలయాలు, చివరకు మస్జిదులు కూడా మూతపడిన ఆ రోజులలో నలుగురున్న ఇంట నలుగురూ నాలుగు మూలలా నాలుగు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. ఒకే కప్పు కింద ఉంటూ ఎవరికి వారై ఉన్నారు.

దీనికి మా ఇంట ఒక విరుగుడు ఆలోచించాము. వారానికి ఒకటో రెండో సినిమాలు, ఒకే తెర మీద, అందరమూ కలిసి చూడాలి. నమాజు వేళ అయితే మధ్యలోనే ఆపివేయాలి. ముగిసిన తరువాత చిన్నవారితో సహా ప్రతి ఒక్కరూ తమ అభిప్రాయం చెప్పాలి. ‘బాగుంది’, ‘బాగోలేదు’ అంటే చెల్లదు, ఎందుకో చెప్పాలి. రంజాన్ నెలంతా తెర జోలికి పోలేదు. పండుగ తరువాత మళ్లీ మొదలుపెట్టాము. 2020లో ఆ తరువాత ఒక్కొక్క తలుపే తెరుచుకుంటున్నా సినిమాహాళ్లు మూసే ఉండేవి. అందుచేత మేము చూసిన వాటిలో కొన్నింటిని గురించి పాఠకులకు చెప్పడం ఉపయోగకరమని తలచాము.

అందరూ దానినే చూస్తున్నారని విని మొట్టమొదట ‘కంటేజియన్’ చూశాము. స్టీవెన్ సోడర్‌బర్గ్ 2011లో తీసిన ఈ అమెరికన్ చిత్రంలో ఒక కొత్త వైరస్ హాంకాంగ్ నుండి బయలుదేరి చేతి నుండి చేతికి, గ్లాసు నుండి గ్లాసుకు పాకుతూ ప్రపంచాన్ని చుట్టబెడుతుంది. మనిషి రోజులో ఎన్నిసార్లు తన ముఖాన్ని తాకుతాడో ఇందులో ఒక వైద్యురాలు చెబుతుంది. అది విన్నప్పటి నుండి మా పిల్లలు ఒకరి చేతులకు ఒకరు కాపలా కాయసాగారు. వ్యాధి పాకే తీరును ఇంత స్పష్టంగా చూపిన కథాచిత్రం మేము మరొకటి చూడలేదు. అయినా ఇది చల్లని చిత్రం. దీనిలో మనుషుల కన్నా లెక్కలు ఎక్కువ. ఎవరికైనా జ్వరం వచ్చిన ఇంట దీనిని పెట్టవద్దని మా సలహా.

అయినా రెండు ఘట్టాలు మా మనసులో నిలిచాయి. ఒక వ్యక్తి ఫలానా మూలికా మందుతో తనకు నయమైందని ఇంటర్నెట్టులో ప్రచారం చేస్తాడు. జనం దాని కోసం మందుల దుకాణాల మీద పడి కొట్టుకుంటారు. పుకారు రోగం కన్నా ముందు నడుస్తుంది. కూరగాయల బండివాని పేరు అడిగి, పేరు నచ్చక కొనడం మానిన వీధులను ఆ వేసవిలో మనమూ చూశాము గనుక ఆ ఘట్టం మాకు కల్పనగా తోచలేదు. రెండవది, పైన చెప్పిన వైద్యురాలే వ్యాధి సోకి మంచాన పడి, చివరి ఘడియలలో, చలికి వణుకుతున్న పక్క రోగికి తన కోటు అందించబోవడం. అన్ని లెక్కల మధ్య ఆ ఒక్క చేయి మాకు గుర్తుండిపోయింది.

మా పిల్లలు రెండుసార్లు చూసినది ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’. ఇరాన్ దర్శకుడు మజీద్ మజీదీ 1997లో తీసిన చిత్రమిది. టెహ్రాన్‌లోని పేద కుటుంబంలో అలీ అనే బాలుడు, చెల్లెలు జహ్రా బూట్లను కుట్టించి తెస్తూ దారిలో పోగొట్టుకుంటాడు. తండ్రి దగ్గర డబ్బు లేదని తెలిసి పిల్లలిద్దరూ విషయం దాచి, అలీ బూట్లనే పంచుకుంటారు. ఉదయపు బడికి చెల్లెలు తొడుక్కుని వెళుతుంది. ఆమె పరుగెత్తుకుంటూ తిరిగి రాగానే వాటినే తొడుక్కుని అన్న మధ్యాహ్నపు బడికి పరుగెత్తుతాడు. ఒకనాడు జహ్రా తన బూట్లను మరో పిల్ల కాళ్లకు చూస్తుంది. అన్నాచెల్లెళ్లు ఆ పిల్ల ఇంటి వరకు వెంట వెళతారు. ఆమె తండ్రి అంధుడని చూసి, నోరు మెదపకుండా వెనుదిరుగుతారు. ఆ ఘట్టంలో సంభాషణ లేదు, అవసరమూ లేదు.

మా ఇంట ఎక్కువ చర్చ జరిగినది మాత్రం మరొక చిన్న దృశ్యం మీద. తండ్రి మస్జిదు వారు అప్పగించిన చక్కెర గడ్డలను ఇంట్లో కూర్చుని పగలగొడుతుంటాడు. కూతురు టీ తెస్తుంది. చక్కెర అడిగితే, ఎదురుగా ఇంత ఉంది కదా అంటుంది. అది మనది కాదు, మస్జిదుది అంటాడు తండ్రి. అమానతు అనే మాటను పిల్లలకు ఎన్నోసార్లు వివరించి ఉంటాము. గుప్పెడు చక్కెర చేసిన పని ఆ వివరణలేవీ చేయలేదు. చివరి పరుగు పందెం కొంత సాగదీసినట్లుందని మా పెద్దబ్బాయి అభిప్రాయం. మేమూ కాదనము.

ఈ సినిమా చూసిన రోజులలోనే వార్తలలో కాళ్లు కనిపించేవి. పగిలిన అరికాళ్లు, తాళ్లతో కట్టుకున్న చెప్పులు, తెలంగాణ మిరప చేల నుండి ఛత్తీస్‌గఢ్ అడవుల వైపు నడిచిపోతున్న కూలీలు, వారి వెంట పిల్లలు. 2020 మే 8న ఔరంగాబాద్ సమీపంలో పట్టాల మీద నిద్రించిన 16 మంది వలస కార్మికులు గూడ్సు రైలు కింద నలిగిపోయిన తరువాత, పట్టాల మధ్య మిగిలిన రొట్టెలనూ చెప్పులనూ దేశమంతా చూసింది. జత బూట్ల కోసం ఒక సినిమా అంతా ఎందుకని మా ఇంట ఆ తరువాత ఎవరూ అడగలేదు.

పిల్లల కన్నా పెద్దలు చూడవలసినది అబ్బాస్ కియరొస్తమీ 1987లో తీసిన ‘వేర్ ఈజ్ ద ఫ్రెండ్స్ హౌస్?’. అహ్మద్ అనే బాలుని సంచిలోకి పొరపాటున నేస్తం నోటు పుస్తకం వచ్చి చేరుతుంది. రేపు మళ్లీ పుస్తకంలో ఇంటిపాఠం రాసుకురాకపోతే ఆ నేస్తాన్ని బడి నుండి పంపివేస్తానని పంతులు అన్నాడు. పుస్తకం ఇచ్చి రావాలని అహ్మద్ తల్లికి మళ్లీ మళ్లీ చెబుతాడు. తల్లి మళ్లీ మళ్లీ పాఠం రాసుకోమంటుంది, పసిబిడ్డను ఊపమంటుంది, రొట్టెలు తెమ్మంటుంది. తాతగారు తన దగ్గర సిగరెట్లు ఉండి కూడా, క్రమశిక్షణ నేర్పడానికని, పోయి సిగరెట్లు తెమ్మంటాడు. చెడ్డవారెవరూ లేరు, వినేవారు లేరు. మొదటి అరగంట మా చిన్నవారికి విసుగు పుట్టించిన మాట నిజమే. కానీ ముగిశాక వారిలో ఒకరు, “మీరూ అంతే, ఫోను చూస్తూ ఊ కొడతారు” అన్నారు. దానికి మా వద్ద జవాబు లేకపోయింది. ఫోనులోనే బడి నడిచిన ఆ రోజులలో, ముగ్గురు పిల్లలకు ఒకే ఫోను ఉన్న ఇళ్లలో ఎందరు అహ్మద్‌లు ఏమి చెప్పబోయి ఆగిపోయారో!

ఇటలీ దర్శకుడు విట్టోరియో డి సికా 1948లో తీసిన ‘బైసికిల్ థీవ్స్’ పేరు అందరూ వినే ఉంటారు. యుద్ధానంతరపు రోమ్ నగరంలో పని లేని ఆంటోనియోకు గోడల మీద పోస్టర్లు అంటించే ఉద్యోగం దొరుకుతుంది. కానీ సైకిలు ఉండాలి. తాకట్టులో ఉన్న సైకిలును విడిపించడానికి భార్య ఇంట్లోని దుప్పట్లను తాకట్టు పెడుతుంది. మొదటి రోజే సైకిలు దొంగల పాలవుతుంది. తండ్రీ కొడుకులు నగరమంతా వెదుకుతారు. చివరకు గత్యంతరం లేక తండ్రి తానే ఒక సైకిలు దొంగిలించి, కొడుకు కళ్లెదుటే పట్టుబడతాడు. ఆంటోనియోగా నటించిన లాంబెర్టో మజ్జొరానీ నిజజీవితంలో ఫ్యాక్టరీ కార్మికుడు. ఆ ముఖంలో నటన వెదికినా కనిపించదు. ‘ఇంత దుఃఖం ఈ రోజులలో అవసరమా?’ అని మా ఇంటావిడ అడిగారు. అవసరమనే మా అభిప్రాయం. ఎందుకంటే, ఆ రాత్రి భోజనాల వేళ మా చిన్నమ్మాయి, “మన బడి ఆటో అంకుల్‌కు ఇప్పుడు డబ్బులెవరు ఇస్తున్నారు?” అని అడిగింది. అప్పటికి మార్చి తరువాత బడి లేదు, ఆటో లేదు, మేమూ ఏమీ ఇవ్వలేదు. మర్నాడు ఫోను చేశాము. అతను ఏమీ అడగలేదు. మేమే పంపాము. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ప్రతి ఇంటికీ అటువంటి ఒక మనిషి ఉంటాడు గనుక చెబుతున్నాము.

మన నేల కథలలో 2019లో వచ్చిన ‘మల్లేశం’ చూశాము. చేనేత కుటుంబంలో పుట్టి, బడి చదువు మధ్యలో ఆగిపోయిన చింతకింది మల్లేశం జీవితమే ఈ చిత్రం. పోచంపల్లి చీర మగ్గమెక్కక ముందు ఆసు పోయాలి. మేకుల చుట్టూ దారాన్ని వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. ఆ పని ఇంటి ఆడవారిదే. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక కొడుకు ఏళ్ల తరబడి పాటుపడి 1999 నాటికి యంత్రం సాధించి, దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ప్రియదర్శి, తల్లిగా ఝాన్సీ పాత్రలలో ఒదిగిపోయారు. కొన్ని పాటలు కథకు అడ్డు తగిలాయి. అది చిన్న లోపం. పెద్ద విషయం ఏమిటంటే, తల్లి భుజం నొప్పిని ఆ ఇంట అందరూ ఎరుగుదురు, అదేదో ఆమె తలరాత అన్నట్లు. ఒక్కడు మాత్రం దానిని తీర్చవలసిన పనిగా చూశాడు. లాక్‌డౌన్ మనందరికీ సెలవైంది. వంటింటికి మాత్రం రెట్టింపు పని అయింది. మూడు పూటలా వంట, పనిమనిషి వచ్చేది కాదు, ఎప్పుడు చూసినా తొట్టిలో గిన్నెలు ఉండేవి. మా ఇంట గిన్నెలు తోమడం ఆ మర్నాటి నుండి వంతులవారీ అయింది. మగపిల్లలకు మినహాయింపు లేదు, మాకూ లేదు.

చివరగా ‘గర్మ్ హవా’. ఇస్మత్ చుగ్తాయ్ కథ ఆధారంగా ఎం.ఎస్. సత్యు 1973లో తీసిన చిత్రం. సలీమ్ మీర్జా ఆగ్రాలో బూట్ల తయారీదారు. విభజన తరువాత అన్న పాకిస్తాన్ వెళ్లిపోతాడు. హవేలీ అన్న పేరున ఉండడంతో చట్టం దానిని కాందిశీకుల ఆస్తిగా లెక్కగట్టి వేరొకరికి ఇస్తుంది. బ్యాంకు అప్పు పుట్టదు, అద్దె ఇల్లు దొరకదు. ఇల్లు విడవవలసి వచ్చిన రోజున ముసలి తల్లి ఒక మూల దాక్కుంటుంది. పిల్లలు నవ్వారు, మా దాదీమా నవ్వలేదు. ప్రాణం పోయే ముందు ఆ తల్లిని డోలీలో పాత ఇంటికి మోసుకువెళ్లే ఘట్టం వచ్చినప్పుడు గదిలో ఎవరూ నవ్వలేదు. పేరు చెప్పగానే గది ఖాళీ లేదన్న జవాబు విన్న యువకులు మన పాఠకులలోనూ ఉన్నారు. వారికి ఈ చిత్రం పాతదిగా తోచదు. సలీమ్ మీర్జాగా బల్రాజ్ సాహ్ని నటన మాటలకు అందదు. చిత్రం విడుదల కాకముందే ఆయన కన్నుమూశారు. కూతురు ఆమినా ఆత్మహత్య ఘట్టం ఉన్నందున చిన్నపిల్లలను కూర్చోబెట్టవద్దు. పెద్దపిల్లలతో కలిసి చూడండి. చూసిన తరువాత ఆ అమ్మాయిని గురించి తప్పక మాట్లాడండి. ముగింపులో ఊరు విడిచి స్టేషనుకు బయలుదేరిన సలీమ్ మీర్జా దారిలో టాంగా దిగి, పని కోసం, హక్కుల కోసం సాగుతున్న ఊరేగింపులో కొడుకు వెనుకనే తానూ కలిసిపోతాడు.

పైన చెప్పిన ఆరింటిలో హంగామా ఉన్నది ఒక్కటే. మిగిలినవి చిన్న ఇళ్ల కథలు. మా ఇంట చాలా సినిమాలు మధ్యలోనే ఆగిపోయాయి. కొన్నింటిని దాదీమా రిమోటుతో ఆపివేశారు, కొన్నింటిని పిల్లలే వద్దన్నారు. వాటి పేర్లు చెప్పి మీ సమయం వృథా చేయము. మీ ఇంట మొదలుపెట్టదలిస్తే ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’తో మొదలుపెట్టండి. ముందుగా పెద్దలలో ఒకరు ఒంటరిగా చూసి, ఆ తరువాతే అందరినీ పిలవండి. చూస్తున్నంతసేపూ ఫోన్లను మరో గదిలో ఉంచండి. అయిపోగానే దీపం వేసి లేచిపోకండి. ఒక పావుగంట కూర్చోండి. మొదటి మాట చిన్నవారిని చెప్పనివ్వండి. వారు ఏమడిగారో మాకు రాసి పంపితే, వచ్చే నెలలలో ఆ ప్రశ్నలనే ఇక్కడ చర్చిద్దాము.