మైక్రోమీటర్ పట్టని పట్టా

ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్ల గడువు దగ్గర పడిందంటే మన ఇళ్లలో ఒకటే గొడవ. కంప్యూటర్స్ వస్తుందా, రాదా? రాకపోతే మేనేజ్‌మెంట్ కోటాలో ఎంత అడుగుతున్నారు? పిల్లవాడి నోట మెకానికల్ అన్న మాట వచ్చిందా, 'ర్యాంకు మరీ అంత పోయిందా' అంటూ చుట్టాలు ఓదార్చడానికి సిద్ధం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంజినీరింగ్ సీట్లలో సగానికి పైగా సీఎస్‌ఈ, దాని పిల్ల బ్రాంచీలవే. కొన్ని కాలేజీలు మెకానికల్, సివిల్ బ్రాంచీలను ఎత్తేసి ఆ గదుల్లో కంప్యూటర్లు వేసుకున్నాయి.

ఈ గొడవంతా ఎక్కడ జరుగుతోందో చూడండి. క్షిపణులు తయారుచేసే డీఆర్‌డీఎల్ 1962లోనే హైదరాబాద్ చేరింది. ఈసీఐఎల్ 1967లో వచ్చింది. 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిధాని పుట్టాయి. పృథ్వి, ఆకాశ్ క్షిపణులు భారత్ డైనమిక్స్‌లో తయారయ్యాయి. రాకెట్ మోటారు గొట్టాలకు కావలసిన మారేజింగ్ ఉక్కు మిధాని కొలిమిలోంచి వస్తుంది. సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో పదాతిదళం ఎక్కే బీఎంపీ-2 వాహనాలు తయారవుతాయి. ఆదిభట్లలో సీ-130జే విమానాల తోక భాగాలు, అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజ్‌లాజ్‌లు చేసి విదేశాలకు పంపుతున్నారు. రఫేల్ ఫ్యూజ్‌లాజ్‌ను ఫ్రాన్స్ బయట మొదటిసారి హైదరాబాద్‌లోనే చేయడానికి 2025 జూన్‌లో దసో, టాటా సంస్థలు ఒప్పందం రాసుకున్నాయి. విశాఖ సంగతి సరేసరి. 1948లో జల ఉష ఓడను నీళ్లలోకి దింపిన చోటది. 2009లో అరిహంత్ అణు జలాంతర్గామి జలప్రవేశం చేసిందీ అక్కడే. వరుణాస్త్ర టార్పెడోను రూపొందించిన ఎన్‌ఎస్‌టీఎల్ ఉన్నదీ ఆ ఊళ్లోనే.

దేశంలో రక్షణ ఉత్పత్తి విలువ 2024-25లో లక్షన్నర కోట్ల రూపాయలకు చేరింది. 2013-14లో 686 కోట్లు ఉన్న రక్షణ ఎగుమతులు అదే 2024-25లో 23,622 కోట్లయ్యాయి. ఈ పని మన గుమ్మం ముందు జరుగుతోంది. మన పిల్లలు మాత్రం ఆ గేట్ల ముందు నుంచే బస్సెక్కి హైటెక్ సిటీ కోచింగ్ సెంటర్లకు వెళ్తున్నారు.

తప్పు పిల్లలదని నేను అనను. 'కోర్‌లో ఉద్యోగాల్లేవు సార్' అని వాళ్లంటారు. ఆ మాట సగం నిజం. ప్రభుత్వ సంస్థల్లో ఇంజినీరు పోస్టులు పదుల్లో, వందల్లో పడతాయి. వాటికి పోటీ పడేది వేలల్లో, లక్షల్లో. డీఆర్‌డీవోలో సైంటిస్ట్-బి కావాలంటే గేట్‌లో మంచి స్కోరుండాలి. మిగతా సగం కథ ప్రైవేటు యూనిట్లది. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లిలో క్షిపణి విడిభాగాలు, రాడార్ పెట్టెలు, అణు రియాక్టర్ల భాగాలు చేసే చిన్నా పెద్దా ఫ్యాక్టరీలు ఎన్నో. అక్కడ మనుషులు దొరక్క యజమానులు తల పట్టుకుంటున్నారు. ఖాళీలున్నాయి, పట్టాలున్నాయి, రెండూ కలవడం లేదు.

ఎందుకు కలవడం లేదో బాలానగర్‌లో ఒక మెషిన్ షాపులో నాకు అర్థమైంది. సీఎన్‌సీ లేత్ మీద అల్యూమినియం రింగు ఒకటి తిరుగుతోంది. బయటి వ్యాసం 120 మిల్లీమీటర్లు, డ్రాయింగ్‌లో టాలరెన్స్ 20 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం దానికి మూడు రెట్లకు పైనే ఉంటుంది. బీటెక్ అయి కొత్తగా చేరిన కుర్రాడు చక్‌లో ఉన్న జాబ్‌కే మైక్రోమీటర్ పట్టించి, కొలత ఎక్కువుందని ఇంకో కట్ తీయబోయాడు. పక్కనున్న పెద్దాయన, ఐటీఐ చదివిన సెట్టర్, చెయ్యి అడ్డం పెట్టాడు. 'ఆగు బాబూ, వేడి మీదుంది. చల్లారాక చూడు' అని జాబ్ విప్పి గ్రానైట్ బల్ల మీద పెట్టాడు. పది డిగ్రీలు వేడెక్కితే అంత అల్యూమినియం రింగు ఇంచుమించు 28 మైక్రాన్లు పెరుగుతుంది. ఇచ్చిన టాలరెన్సే 20. ఆ కుర్రాడు ఇంకో కట్ తీసుంటే చల్లారాక జాబ్ కొలత తగ్గిపోయి స్క్రాప్‌లో పడేది.

ఉష్ణ వ్యాకోచం గురించి ఆ అబ్బాయికి తెలియదా? తెలుసు. ఇంటర్ ఫిజిక్స్‌లో లెక్కలు చేశాడు, బీటెక్‌లో మళ్లీ రాశాడు. గుణకం ఎంతో అడిగితే ఠక్కున చెప్పాడు కూడా. ఆ గుణకం తన చేతిలోని వేడి లోహంలోనే ఉందని మాత్రం నాలుగేళ్లలో ఏ ల్యాబూ చూపించలేదు. ఫస్టియర్ వర్క్‌షాప్‌లో రేకు ముక్కను ఆకురాయితో రుద్దడం, రికార్డు సీనియర్ దగ్గర చూసి దించుకోవడం, వైవాలో రెండు ప్రశ్నలు. చాలా కాలేజీల్లో అంతటితో సరి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం ఎదురుచూసే యాజమాన్యం ఉన్న లేత్‌కే గ్రీజు పెట్టించదు, కొత్త సీఎన్‌సీ ఎక్కడ కొంటుంది?

ఈ లోటు తీర్చే చోట్లు లేకపోలేదు. ఆ బాలానగర్‌లోనే 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. టూల్, డై, మోల్డ్ పనిలో అక్కడ తర్ఫీదైన వాళ్లకు దేశమంతటా గిరాకీ ఉంది. పాలిటెక్నిక్ నుంచి అక్కడికి వెళ్లి చేయి తిరిగిన కుర్రాడు, పేరున్న కాలేజీలో మెకానికల్ చేసి వచ్చినవాడి కంటే ముందుండటం నేను చూశాను. విశాఖ నేవల్ డాక్‌యార్డ్‌కు సొంత అప్రెంటిస్ స్కూలుంది. తెలంగాణ 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టింది. రోబోలు, సీఎన్‌సీలు అక్కడికి వస్తున్నాయి. ఊరి పక్క ఐటీఐలో ఉన్న మెషిన్ లక్షల ఫీజు తీసుకునే ఇంజినీరింగ్ కాలేజీలో లేకపోవడం నాకు మింగుడుపడని విషయం. ఆ సెంటర్లలో సాయంత్రం షిఫ్టు పెట్టి చుట్టుపక్కల బీటెక్ పిల్లల్ని రప్పించడానికి ప్రభుత్వానికి పెద్దగా ఖర్చూ కాదు.

జీతం సంగతి దాటేస్తే ఈ మాటలన్నీ ఉపన్యాసమవుతాయి. చిన్న యూనిట్లో కొత్త ఇంజినీరుకిచ్చే జీతంలో హాస్టల్, తిండి, బస్సు ఖర్చులు పోతే ఇంటికి పంపడానికి మిగిలేది శూన్యం. యజమాని పిసినారితనం ఒక్కటే దీనికి కారణం కాదు. ప్రభుత్వ రంగ సంస్థల టెండర్లలో అందరికంటే తక్కువ కోట్ చేసిన ఎల్-1కే పని. బిల్లు 45 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతున్నా, నెలల తరబడి డబ్బు రాలేదన్న ఫిర్యాదు ఏ పారిశ్రామికవాడలో అడిగినా వినిపిస్తుంది. ఆ బిగింపంతా చివరికి వచ్చి పడేది మెషిన్ దగ్గర నిలబడ్డ మనిషి జీతం మీద. నైపుణ్యం లేదని పిల్లల్ని దెప్పే పెద్ద సంస్థలు, టెండరులో ధర ఒక్కటే చూడకుండా తర్ఫీదైన సిబ్బంది ఉన్నవారికి కొన్ని మార్కులు ఇచ్చి చూడాలి. 20 మైక్రాన్ల పని కోరేవాళ్లు దానికి తగ్గ కూలి లెక్కగట్టకపోవడం అన్యాయం.

ఇక సైన్యం. మన ఇళ్లలో ఆర్మీ అంటే తుపాకీ, సరిహద్దు, కొడుకు దూరమవుతాడన్న అమ్మ దిగులు. సికింద్రాబాద్‌లో తిరుమలగిరి మీదుగా వెళ్లేవాళ్లలో ఎంతమందికి ఆ గోడల వెనకున్న ఎంసీఈఎంఈ గురించి తెలుసు? సైన్యంలోని ట్యాంకులు, తుపాకులు, రాడార్లు, లారీలు బాగుచేసే ఈఎంఈ దళం అధికారులకు ఇంజినీరింగ్ నేర్పే కాలేజీ అది. 2020లో తూర్పు లద్దాఖ్‌కు టీ-90 ట్యాంకులు ఎక్కించినప్పుడు అక్కడి చలి డీజిల్‌ను గడ్డకట్టించేది, బ్యాటరీలను చచ్చుబరిచేది. అలాంటి చోట ఇంజిన్ తెల్లారి స్టార్ట్ అయ్యేలా చూడటం మెకానికల్ ఇంజినీరు పనే. ఏ క్యాంపస్ ప్లేస్‌మెంట్లోనూ పాతికేళ్ల యువకుడి చేతికి అంత యంత్రం, అంతమంది మనుషులు రారు.

సైన్యంలోకి దారులు తెలియక అవకాశం పోగొట్టుకుంటున్న పిల్లలే ఎక్కువ. ఇంటర్ ఎంపీసీలో 60 శాతం తెచ్చుకుని జేఈఈ మెయిన్ రాసిన వాళ్లకు టెక్నికల్ ఎంట్రీ స్కీమ్ ఉంది. చదువు ఖర్చు సైన్యానిదే, నాలుగేళ్లకు డిగ్రీతో పాటు లెఫ్టినెంట్ హోదా వస్తుంది. జేఈఈ ర్యాంకుతోనే నౌకాదళం కేరళలోని ఎళిమల అకాడమీలో బీటెక్ చదివిస్తుంది. ఇంజినీరింగ్ ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లు సైన్యంలో టెక్నికల్ గ్రాడ్యుయేట్ కోర్సు (టీజీసీ)కి, షార్ట్ సర్వీస్ టెక్నికల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. వీటికి రాత పరీక్ష ఉండదు. మార్కులు చూసి నేరుగా ఐదు రోజుల ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకి పిలుస్తారు. లెఫ్టినెంట్ మూల వేతనం 56,100 రూపాయలు, మిలిటరీ సర్వీస్ పే 15,500, మిగతా అలవెన్సులు వేరు. షార్ట్ సర్వీస్ టెక్నికల్‌లో అమ్మాయిలకూ సీట్లున్నాయి. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పుతో మహిళా అధికారులకు పర్మనెంట్ కమిషన్ దారి కూడా తెరుచుకుంది. మొత్తంగా సైన్యంలో అధికారుల పోస్టులు ఎనిమిది వేల దాకా ఖాళీ ఉన్నట్టు 2023లో పార్లమెంటుకు చెప్పిన లెక్క.

అయినా ఎస్‌ఎస్‌బీలో మనవాళ్లు తడబడతారు. తెలివి తక్కువై కాదు. ఎనిమిదో తరగతి నుంచి హాస్టల్ గదిలో బిట్లు దిద్దిన పిల్లవాడు, పరిచయం లేని ఏడెనిమిది మందితో కలిసి తాడూ పలకా పట్టుకుని కాలువ దాటమంటే ఏం చేస్తాడు? ఆట స్థలం లేని జూనియర్ కాలేజీకి అనుమతులిచ్చిన వాళ్లంతా దీనికి బాధ్యులే. కోరుకొండ సైనిక్ స్కూల్ 1962 నుంచి, కలికిరిది 2014 నుంచి ఉన్నాయి. అవి పెంచినట్టు పిల్లల్ని పెంచే మామూలు బడులు మనకు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

ఈ దారిలో కష్టం లేదని ఎవరికీ చెప్పను. వైద్య పరీక్షలో కంటి చూపు, చదునైన పాదం దగ్గరే చాలామంది వెనక్కి వస్తారు. షార్ట్ సర్వీస్ పదేళ్లకో పద్నాలుగేళ్లకో ముగుస్తుంది. సైనికులుగా చేరే అగ్నివీరుల్లో నూటికి డెబ్బై అయిదు మంది నాలుగేళ్లకు బయటికొస్తారు. సైన్యపు వర్క్‌షాపుల్లో చేయి తిరిగి వచ్చే ఆ పాతికేళ్ల లోపు కుర్రాళ్లను తీసుకుంటామని ఎద్దుమైలారం నుంచి ఆదిభట్ల దాకా ఉన్న సంస్థలు ఇప్పుడే రాతపూర్వకంగా చెప్పాలి. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఆ మాట వాళ్లతో అనిపించాలి.

ఇక ఆప్షన్లు పెట్టబోయే అమ్మానాన్నలకు ఒక మాట. కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు ప్లేస్‌మెంట్ల ఫ్లెక్సీ దగ్గరే ఆగిపోకండి. వర్క్‌షాప్ తాళం తీయించండి. లేత్ మీద దుమ్ముందో, ఆ వారం తీసిన లోహపు చుట్టలున్నాయో చూడండి. మూడో ఏడాది పిల్లవాణ్ని పిలిచి, చేతికి మైక్రోమీటర్ ఇచ్చి, జేబులోని రూపాయి బిళ్ల మందం చెప్పమనండి. వాడు చెప్పగలిగితే, మెకానికల్ అయినా సరే, ఆ కాలేజీలో చేర్పించండి.