ముందు కాలవ, తర్వాతే జలపాతం

వాషింగ్టన్ చుట్టుపక్కల ఉంటున్న మనవాళ్లు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే, మేరీలాండ్ వైపు గ్రేట్ ఫాల్స్‌కి తీసుకెళ్తుంటారు. పొటోమాక్ నది బండల మీద దూకే చోట ఫొటోలు దిగి, పులిహోర తిని, కారెక్కేస్తారు. దారిలో దాటొచ్చిన సీ అండ్ ఓ కాలవను మాత్రం పట్టించుకోరు. నన్నడిగితే తీరిగ్గా చూడాల్సింది దాన్నే. ఒకప్పుడు బొగ్గు పడవల్ని కంచరగాడిదలు లాగింది దాని గట్టు మీంచే. 1924లో పడవలు ఆగిపోయాయి, గట్టు మిగిలింది. జార్జ్‌టౌన్ నుంచి కంబర్లాండ్ దాకా 184.5 మైళ్లు, చాలామటుకు చదునైన బాట. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు బండలెక్కే పనుండదు. నీళ్లు నిలకడగా ఉన్న చోట దుంగల మీద తాబేళ్లు వరసగా ఎండ కాచుకుంటాయి. మన నారాయణపక్షికి దగ్గరి చుట్టమైన పెద్ద నీలి కొంగ చేప కోసం ఎంతసేపైనా కదలకుండా నిలబడుతుంది, మనం ఫోన్లో పాటలు ఆపితే. (పిల్లల చేతుల్లోంచి చిప్స్ పొట్లం కూడా తీసుకోండి, బాతులకు అది తిండి కాదు.) ఇక్కడ కార్ల రోడ్డు వేస్తే బాగుంటుందని 1954లో వాషింగ్టన్ పోస్ట్ సంపాదకీయం రాసింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్‌కి ఒళ్లు మండి, ఆ రాసినవాళ్లనే తనతో గట్టంతా నడవమన్నాడు. చివరిదాకా నడిచింది కొద్దిమందే అయినా పత్రిక తన మాట సవరించుకుంది; 1971లో ఈ కాలవ జాతీయ చారిత్రక పార్కయింది. వారాంతాల్లో పార్కింగ్ తొందరగా నిండుతుంది, పొద్దున్నే బయల్దేరండి.