గెలాక్సీ మాట చెల్లింది, గలాథియా మాట?

పుణె సమీపాన ఖోడద్ పరిసరాల్లో 45 మీటర్ల వ్యాసం గల 30 రేడియో డిష్‌లు ఆకాశానికి చెవియొగ్గి ఉన్నాయి. 880 కోట్ల ఏళ్ల నాడు ఒక గెలాక్సీలోని హైడ్రోజన్ వెలువరించిన సంకేతాన్ని అవి అందుకున్నాయని 2023లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అంతటి సన్నని సంకేతాలు రైలు మార్గపు విద్యుత్ రొదలో మునిగిపోతాయనే పుణె-నాసిక్ లైను పాత ప్రణాళికను రైల్వే శాఖ పక్కనపెట్టింది. మెచ్చదగిన నిర్ణయం.

మరి గ్రేట్ నికోబార్‌కు ఈ న్యాయం ఎందుకు వర్తించదు? తోలువీపు తాబేళ్లు గుడ్లు పెట్టే గలాథియా తీరపు అభయారణ్యాన్ని 2021లో రద్దు చేశారు. ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్‌ల కోసం దాదాపు 130 చదరపు కిలోమీటర్ల అడవిని మళ్లించేందుకు మరుసటి ఏడు సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. ఇచ్చిన నిరభ్యంతర పత్రాన్ని గిరిజన మండలి 2022 నవంబరులో వెనక్కి తీసుకున్నా ప్రాజెక్టు ఆగలేదు.

దేశ భద్రత అంటారు. కాంప్‌బెల్ బేలో నౌకాదళ వైమానిక స్థావరం ఉండనే ఉంది. టౌన్‌షిప్‌కు ఆ ముసుగెందుకు?

శాస్త్రవేత్తలు అభ్యంతరపెడితే పట్టాలే పక్కకు తప్పుకున్నాయి. ఆదివాసులు అభ్యంతరపెడితే అడవే తప్పుకోవాలట. దూరపు కొండలే కాదు, దూరపు గెలాక్సీలూ ఢిల్లీకి నునుపే.