ఆరోగ్య వేదిక : మందలించే ముందు కంచం వంక చూడండి



పాఠశాలల్లో ప్రగతి పత్రాలు చేతికందే రోజుల్లో మన టౌన్‌షిప్ ఆసుపత్రిలో నాకు ఎక్కువగా వినిపించేది జ్వరాల గురించో, దగ్గుల గురించో కాదు. "డాక్టరుగారూ, మావాడికి చదువు మీద బొత్తిగా ధ్యాస లేదండీ. జ్ఞాపకశక్తికి ఏదైనా మంచి టానిక్కు రాయండి" అన్న అభ్యర్థనే తరచుగా వింటూ ఉంటాను. ఈ సంచికలో ఆ విషయాన్నే మీతో ముచ్చటించదలచాను.

కొంతకాలం క్రితం ఒక దంపతులు తమ ఎనిమిదేళ్ల కుమారుణ్ణి తీసుకొని వచ్చారు. తండ్రి షిఫ్టు డ్యూటీలు చేసే ఉద్యోగి. తరగతిలో దిక్కులు చూస్తాడనీ, చెప్పిన మాట వినడనీ ఉపాధ్యాయురాలు డైరీలో వ్రాసి పంపారు. ఇంట్లో ఊరికే విసుక్కుంటాడు, చెల్లెలితో తగవు పడతాడు, సాయంత్రం పుస్తకం తెరవగానే నిద్రకు జోగుతాడు. ఒకటి రెండుసార్లు చేయి చేసుకోవలసి వచ్చిందని తండ్రి తల వంచుకొని చెప్పాడు. "తిండికి ఏ లోటూ చేయడం లేదండీ. రోజుకు లీటరు పాలు తాగిస్తున్నాను" అన్నది తల్లి.

బాలుని క్రింది కనురెప్పను లాగి చూశాను. ఎర్రగా ఉండవలసిన పొర పాలిపోయి ఉంది. "సుద్దముక్కలు, బలపాలు తింటాడా అమ్మా?" అని అడిగాను. ఆమె ఆశ్చర్యపోయి, ఆ అలవాటు మాన్పించడానికే చాలాసార్లు దెబ్బలు వేశానని చెప్పింది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.6 గ్రాములుగా తేలింది. ఆ వయస్సులో అది 11.5 గ్రాములకు తగ్గరాదు. ఇనుము నిల్వలు కూడా దాదాపు అడుగంటాయి. ఇక్కడ నా పొరపాటు కూడా ఒకటి చెప్పుకోవాలి. అంతకు ఆరు నెలల ముందు ఇదే బాలుణ్ణి దగ్గుకు నేనే చూశాను. మందు వ్రాసి పంపానే గాని, కనురెప్ప లాగి చూడలేదు. ఆ ఆరు నెలల దెబ్బల్లో నాకూ కొంత భాగమున్నదని అనుకుంటాను.

ఇనుము అనగానే రక్తం గుర్తుకు వస్తుంది. మెదడుకు కూడా అది అంతే అవసరం. నాడీతంతువుల చుట్టూ ఏర్పడే మైలిన్ అనే కొవ్వు తొడుగు తయారు కావడానికి ఇనుము కావాలి. ధ్యాసను, ఉత్సాహాన్ని, మనోనిగ్రహాన్ని నడిపించే డోపమైన్ అనే రసాయనం తయారీకీ అదే కావాలి. శరీరంలో ఇనుము తరిగినప్పుడు, ఉన్న కొద్దిపాటి నిల్వ ముందుగా రక్తకణాలకే చేరుతుంది. కనుక హిమోగ్లోబిన్ పడిపోవడానికి ముందే మెదడు కొరతకు గురికావచ్చు. పిల్లవాడు పైకి బాగానే కనిపిస్తాడు. లోపల మాత్రం దీపంలో చమురు తగ్గుతూ ఉంటుంది.

ఈ లోపం ఎంత త్వరగా కనిపెడితే అంత మేలు. కోస్టారికా దేశంలో శైశవంలో తీవ్రమైన ఇనుము లోపానికి గురైన పిల్లలను బెట్సీ లోజాఫ్ అనే వైద్యశాస్త్రవేత్త బృందం ఏళ్ల తరబడి పరిశీలించింది. చికిత్సతో రక్తహీనత తగ్గినప్పటికీ, ఆ పిల్లలు ఐదేళ్ల వయస్సులో తోటివారికంటే మానసిక వికాస పరీక్షల్లో వెనుకబడి ఉన్నట్లు 1991లో వెల్లడైంది. మొదటి రెండేళ్లలో మెదడు ఎదుగుదల అతివేగంగా సాగుతుంది కాబట్టి, అప్పటి లోపాన్ని తరువాత పూర్తిగా పూడ్చడం కష్టం. ఆరు నెలలు నిండిన బిడ్డకు తల్లిపాలతోపాటు పప్పు, ఆకుకూర, గ్రుడ్డు వంటి మెత్తని ఆహారం మొదలు పెట్టమనడంలోని అంతరార్థం ఇదే.

"ఇదంతా పేదవారి సమస్య కదా, జీతం వచ్చే మనకేమిటి?" అని కొందరు అనుకోవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 6 నెలల నుండి 5 ఏళ్ల లోపు పిల్లల్లో 67.1 శాతం మంది రక్తహీనులు. ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. కలిగిన కుటుంబాల పిల్లల్లో సైతం సగానికి పైగా ఈ కోవలోనే ఉన్నారు. డబ్బు లేకపోవడమొక్కటే కారణమైతే ఇలా ఉండదు. అలవాట్లలోనూ లోపమున్నది.

ఆ బాలుని ఇంటి సంగతే చూడండి. పాలలో కాల్షియం పుష్కలంగా ఉన్నా, ఇనుము దాదాపు లేదనే చెప్పాలి. పైగా లీటరు పాలతో కడుపు నిండిపోతే అన్నం, కూర లోపలికి పోవు. రోజుకు రెండు గ్లాసుల పాలు చాలు. ఉదయం బడి బస్సు తొందరలో అతడు తినేది టీలో ముంచిన రెండు బిస్కట్లు. టీలోని టానిన్లు ఆహారంలోని ఇనుమును ఒంటబట్టనివ్వవు. మధ్యాహ్నం డబ్బాలో పెరుగన్నం. రాత్రి తండ్రి వచ్చేసరికి ఆలస్యమై, ఉన్నదేదో తిని నిద్రపోవడం. తల్లి ప్రేమలో లోటు లేదు. కాని దినమంతా వెతికినా ఆ కంచంలో ఇనుము కనిపించదు.

ఉదయపు ఫలహారం గురించి ప్రత్యేకంగా మనవి చేయాలి. ఐదేళ్ల ప్రాయంలో శరీరం ఖర్చుపెట్టే శక్తిలో 40 శాతానికి పైగా మెదడే వినియోగించుకుంటుందని 2014లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. రాత్రంతా ఏమీ తినని మెదడు ఖాళీ కడుపుతో లెక్కల పాఠం ఎలా వింటుంది? తమిళనాడు ప్రభుత్వం 2022లో బడిపిల్లలకు ఉదయపు ఫలహార పథకం ప్రారంభించింది కూడా ఇటువంటి ఆలోచనతోనే. రెండు ఇడ్లీలైనా, ఒక పెసరట్టయినా, రాగిజావ, గ్రుడ్డు అయినా సరే. టీ బిస్కట్లు మాత్రం ఫలహారం కావు.

మన వంటింట్లోనే మార్గమున్నది. తోటకూర, మునగాకు, శనగలు, అలసందలు, నువ్వులు మంచివే. అయితే శాకాహారంలోని ఇనుము కొద్దిగానే ఒంటికి పడుతుంది. పప్పులో నిమ్మరసం పిండినా, భోజనంతో జామకాయో, ఉసిరికాయో తిన్నా, విటమిన్ సి మూలంగా ఎక్కువ ఇనుము గ్రహింపబడుతుంది. మాంసాహారులు వారానికొకసారి కొద్దిగా కాలేయం పెట్టవచ్చు. టీని పిల్లలకు పూర్తిగా మాన్పించడమే ఉత్తమం. నులిపురుగుల మాత్రలు, పాఠశాలల్లో వారానికొకసారి ఇచ్చే ఇనుము మాత్రలు పారవేయకుండా మింగించండి.

ఒక హెచ్చరిక. రక్తహీనతలన్నీ ఇనుము లోపం వల్లనే రావు. తలసీమియా వంటి వ్యాధుల్లో వైద్యుని సలహా లేనిదే ఇనుము వాడడం హాని చేస్తుంది. కనుక పరీక్ష చేయించకుండా దుకాణంలో టానిక్కు కొనవద్దు. అలాగే చక్కెర తింటే పిల్లలు అల్లరి చేస్తారన్న నమ్మకాన్ని 1994, 1995 సంవత్సరాల్లో వెలువడిన పరిశోధనలు బలపరచలేదు. పళ్లు పుచ్చిపోకుండా ఉండడానికి చక్కెర తగ్గించండి, చాలు. ఏకాగ్రత లోపాలన్నిటికీ ఆహారమే కారణమని కూడా నేననడం లేదు. చూపు, వినికిడి, నిద్ర, మనోవ్యాకులత, పుట్టుకతో వచ్చే ఏకాగ్రతా లోపం, వీటన్నిటినీ విచారించవలసిందే. అయితే చవకైన రక్తపరీక్షతో తేలిపోయే కారణాన్ని ముందు చూడడం వివేకం.

ఆ బాలునికి మందు ఇచ్చాము, కంచం మార్చాము. నాలుగు నెలల తరువాత తండ్రి ఒక్కడే వచ్చాడు. కొడుకుకు మొదటి ర్యాంకు రాలేదు. లెక్కల్లో ఇంకా తడబడుతూనే ఉన్నాడు. కాని బలపాలు తినడం మానేశాడు, సాయంత్రం స్నేహితులతో ఆడుకుంటున్నాడు, పుస్తకం ముందు నిద్రపోవడం లేదు. వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, "వాణ్ణి ఊరికే కొట్టానండీ డాక్టరుగారూ" అన్నాడు.

ఆ మాట మరొక తండ్రి అనవలసిన అవసరం రాకూడదనే ఈ నాలుగు మాటలు. ఈ ఆదివారం మీ చిన్నారిని వెలుతురులో నిలబెట్టి, కనురెప్ప క్రింద ఒకసారి చూడండి. అనుమానం కలిగితే ఆసుపత్రికి తీసుకురండి. ఈసారి నేనూ చూడడం మరువను.