వాళ్ళకు కులమే కార్డు

బందరులో 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య పెట్టిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. దేశంలో మొదట కార్డులిచ్చిన బ్యాంకుల్లో అదొకటి. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, అది వేరే సంగతి. కార్డుకు పుట్టిల్లు లాంటి వూరు మనది. మరి బందరు, గుడివాడ, దివిసీమ పల్లెల్లో వ్యాపారం చేసుకునే మనోళ్ళలో సొంత పేరు మీద కార్డు ఎందరికుంది? మీ పేటలో మీరే లెక్కపెట్టి చూడండి.

అసలు కార్డంటే ఏమిటి? సరుకు యివాళ తెచ్చుకో, డబ్బు నలభై అయిదు రోజులకియ్యి. అంతేగదా! యీ సదుపాయం ప్లాస్టిక్ ముక్క పుట్టకముందు నుంచే షావుకార్లకు వుంది. బెజవాడ వన్‌టౌన్‌కి వొక్క ఫోన్ కొడితే సరుకు లారీ ఎక్కుద్ది. కాగితం లేదు, హామీ లేదు. "ఫలానా వారబ్బాయి" అనే మాటే హామీ. వాళ్ళకు కులమే క్రెడిట్ కార్డు. దానికి వడ్డీ లేదు, గడువు తేదీ లేదు, తాతల నాటి నుంచీ చెల్లుతూనే వుంది. మనోడు చిలకలపూడిలో యిరవయ్యేళ్ళు రోల్డుగోల్డు పని కూలికి చేసి సొంతంగా పెట్టుకుందామంటే తీగ దగ్గర్నుంచి రాళ్ళ దాకా రొక్కం పెట్టాల్సిందే. పనితనం తెలుసు, మనిషి తెలుసు, అయినా అరువు పుట్టదు.

అందుకని బ్యాంకుకెళితే జీతం స్లిప్పు తెమ్మంటారు, మూడేళ్ళ ఇన్‌కంటాక్సు కాగితాలు తెమ్మంటారు. చిన్న పరిశ్రమలకు 10 లక్షల దాకా తాకట్టు అడగొద్దని రిజర్వు బ్యాంకు 2010లోనే చెప్పింది. 2015లో ముద్రా వచ్చింది, ముద్రా కార్డూ వచ్చింది. కౌంటరు దగ్గర మాత్రం "పొలం కాగితాలున్నయ్యా?" అనే మాట పోలేదు. చివరికి పల్లెలో వున్న వొక్క పంతులి కార్డు మీదే నలుగురి వ్యాపారం నడుస్తది. వొకడు ఆలస్యం చేస్తే చెడేది పంతులి సిబిల్ స్కోరు. బాగా నడిచినా పేరు రానిది వ్యాపారం చేసినోడికే. పదేళ్ళు నిజాయితీగా కట్టినా బ్యాంకు పుస్తకాల్లో వాడు లేడు. అందుకే మేం సొంత పేరు మీదే తీసుకోమంటున్నాం. బ్యాంకులో చిన్న డిపాజిట్ వేసి దానిమీద కార్డడిగితే జీతం కాగితంతో పెద్దగా పనుండదు. ఏడాది రుసుము లేనిది చూసుకోండి. రూపే కార్డయితే ఫోన్‌లో యు.పి.ఐ.కి కలుపుకుని స్కాన్ చేసి సరుకు కొనొచ్చు. ఎయిర్‌పోర్టులో కూర్చోను గది ఫ్రీ అని ఆశ పెడతారు. గన్నవరం మీదుగా మనం పొయ్యేది బస్సులోగదా!

యిక వడ్డీ సంగతి. మన లెక్కలో చెప్పుకుంటే చాలా కార్డులకు నూటికి నెలకు మూడు, మూడున్నర రూపాయలు. ధర్మవడ్డీ కాదిది. గడువులోగా మొత్తం కడితే పైసా వడ్డీ లేదు. "మినిమం డ్యూ కట్టండి చాలు" అన్న చోటే వుంది కిటుకు. 20,000 బాకీకి మూడున్నర చొప్పున వడ్డీ 700. ఆ వడ్డీ మీద 18 శాతం జి.ఎస్.టి. 126. మీరు 1,000 కడితే అసలుకు జమపడేది 174. పైగా కొత్తగా కొన్న సరుక్కి కూడా ఆ రోజు నుంచే వడ్డీ. కార్డుతో ఏ.టి.ఎం.లో డబ్బు తీస్తే తీసిన రోజు నుంచే వడ్డీ, పైన రుసుము. 2015లో బెజవాడ కాల్‌మనీ గోల చూసినోళ్ళం. మెషీన్లోంచి వచ్చినంత మాత్రాన అధిక వడ్డీ తియ్యబడదు. వడ్డీ 30 శాతం దాటకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెబితే, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మనకు అడ్డుపడే చట్టం లేదన్నమాట, మన జాగ్రత్తే. కొట్టు కార్డు కొట్టుకే. ఓణీల ఫంక్షన్‌కి గీకితే బేరాల్లోంచి అది తీరదు. బిల్లు తేదీ దాటిన మర్నాడు కొంటే ఎక్కువ రోజులు గడువొస్తది.

యింకో మోసం పాతదే. యస్సీ పేరు మీద లోను, పెత్తనం వేరేవాళ్ళది. బినామీ బోర్లు, బినామీ చెరువులు చూశాం. రేపు బినామీ కార్డులూ వస్తాయి. "నీ పేరు మీద తీయించు, వెయ్యి రూపాయలిస్తా" అంటే తన్ని పంపండి. పొలంలో జరుగుతున్నది యిదేగదా. 1998లో వచ్చిన కిసాన్ క్రెడిట్ కార్డు మీద సకాలంలో కడితే 4 శాతానికే 3 లక్షల దాకా అప్పు. ఆ కార్డు ఎక్కడో వున్న భూస్వామి జేబులో, నాగలి కౌలుదారు చేతిలో! 2019 కౌలు చట్టం కింద కార్డు తెచ్చుకుందామన్నా భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే హక్కొస్తదేమోనని వాళ్ళకు భయం. పంట పండించేవాడు ఎరువుల కొట్లో అరువు పెట్టి, ఆ కొట్టువాడు చెప్పిన రేటుకే ధాన్యం తోలుతున్నాడు.

కార్డు దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా యివ్వాలని రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల్లోనే వుంది. నోటిమాటతో తిరిగి రావొద్దు. దరఖాస్తుకు రసీదు, తిరస్కారానికి కాగితం, రెండూ అడిగి తీసుకోండి. కృత్తివెన్ను నుంచి కోడూరు దాకా అవి పోగుచేసి మాకు పంపండి. మోపెడయ్యాక బందరు కలెక్టరాఫీసుకు అందరం కలిసే పోదాం.