రక్తం గ్రూపు కలిస్తే చాలదు

కిడ్నీలు రెండూ పాడై డయాలసిస్‌ మీద బతుకుతున్న మనిషి ఇంట్లో ఉంటే, జుక్కల్‌లో అయినా మద్నూర్‌లో అయినా మొదట పుట్టే ప్రశ్న ఎవరి రక్తం కలుస్తుందన్నదే. కాని కలవవలసింది రక్తం గ్రూపు ఒక్కటే కాదు. మన శరీర కణాల మీద తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వచ్చిన గుర్తులుంటాయి. వైద్యులు వీటిని హెచ్‌.ఎల్‌.ఏ. అంటారు. పరాయి గుర్తు కనబడితే ఒంట్లోని రక్షణ శక్తి కొత్త కిడ్నీని శత్రువుగా ఎంచి దాడి చేస్తుంది. 1954లో బోస్టన్‌లో చేసిన మార్పిడి నిలిచిందంటే, ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ ఒకే పోలిక కవలలు కావడం వల్లనే.

తల్లిదండ్రులతో బిడ్డకు సగం గుర్తులు కలుస్తాయి. తోడబుట్టినవారితో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంది. అలా కలిసిన కిడ్నీయే సాధారణంగా ఎక్కువ కాలం పనిచేస్తుంది. అయినా మన దేశంలో బతికుండి కిడ్నీ ఇచ్చేవారిలో ఎక్కువమంది స్త్రీలే. తల్లినో భార్యనో ముందుకు నెట్టి అన్నదమ్ములు పరీక్షకైనా రాకపోవడం భావ్యం కాదు.

భార్య గుర్తులు కలవలేదని నిరాశ పడనక్కరలేదు. 1995లో అమెరికాలో వెలువడిన లెక్కల్లో, మూడేళ్ల తరువాత కూడా పనిచేస్తున్న కిడ్నీలు దంపతుల మధ్య మార్చినవాటిలో నూటికి 85, తల్లిదండ్రులు ఇచ్చినవాటిలో 82, మరణించినవారి నుంచి తీసినవాటిలో 70. బతికున్న మనిషి నుంచి తీసి వెంటనే అమర్చిన కిడ్నీ దెబ్బతినకుండా ఉండడమే ఇందుకు ముఖ్య కారణం. మేనరికపు దంపతులకైతే కొన్ని గుర్తులు కలిసినా కలవవచ్చు.

క్రాస్‌మ్యాచ్‌ పరీక్ష సంగతి వేరు. దాత కణాలను ఎదిరించే యాంటీబాడీలు రోగి రక్తంలో ముందే ఉంటే, పెట్టిన కిడ్నీ గంటల్లోనే పాడైపోవచ్చు. కాన్పుల వల్ల, రక్తం ఎక్కించుకోవడం వల్ల ఇవి పుడతాయి. అందుకే బిడ్డలను కన్న తల్లికి భర్త కిడ్నీ పెట్టేటప్పుడు ఈ పరీక్షను మరీ జాగ్రత్తగా చూడాలి. నీరసంగా ఉందని రక్తం ఎక్కించమని డాక్టర్లను ఒత్తిడి చేయడం కూడా మంచిది కాదు.

ఎంత బాగా కలిసిన కిడ్నీ అయినా మాత్రలు మానేస్తే నిలవదు. ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్‌ జరిపించినంత మాత్రాన ప్రభుత్వ బాధ్యత తీరిపోదు. ఆ మాత్రలు జీవితాంతం, ఒక్క నెల కూడా తప్పకుండా, రోగికి దగ్గరలోని సర్కారు దవాఖానాలోనే అందాలి. మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దున ఉన్న ఈ మండలాల నుంచి నిమ్స్‌కో ఉస్మానియాకో వెళ్లి రావడమంటే బస్సు చార్జీలతో పాటు తోడు వెళ్లిన మనిషి కూలి కూడా పోవడమే.